పాల ట్యాంకుల పరిశుభ్రత: యంత్రము చేయు పని, మనుష్యుడు చేయవలసిన పని

తెల్లవారుజామున పల్లెలో పితికిన పాలు పట్టణములోని ఇంటికి చేరులోపల అనేక పాత్రలు మారుచుండును. రైతు బిందెనుండి సేకరణ కేంద్రపు క్యానులోనికి, క్యానునుండి శీతలీకరణ తొట్టెలోనికి, అందుండి ట్యాంకరులోనికి, ట్యాంకరునుండి పాల కర్మాగారపు నిల్వ ట్యాంకులోనికి అవి ప్రయాణము చేయును. ఈ చివరి మజిలీయందు అనేక గ్రామముల పాలు ఒక్కటియగును. పెద్ద కర్మాగారములలో ఒక్కొక్క ట్యాంకు లక్ష లీటర్ల పాలను పట్టును. అనగా ఒక్క ట్యాంకులోని పాలు రెండు లక్షల అరలీటరు ప్యాకెట్లగును. అన్ని గృహములలోని పసిబిడ్డల, వృద్ధుల, రోగుల ఆరోగ్యము ఆ ట్యాంకు గోడల శుభ్రతపై ఆధారపడియుండును.

1946లో గుజరాతు ప్రాంతమున ఆనంద్ పట్టణము కేంద్రముగా కైరా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము స్థాపితమైనది. 1965లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1970లో ప్రారంభమైన ఆపరేషన్ ఫ్లడ్ అను కార్యక్రమము గ్రామములందు సేకరించిన పాలను దూర నగరములకు చేర్చు పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసినది. 2023-24 సంవత్సరములో భారతదేశమున సుమారు 23.9 కోట్ల టన్నుల పాలు ఉత్పత్తియైనవి. ఇందు అధిక భాగము రైతుల ఇండ్లలోను, స్థానిక విక్రయములలోను ఖర్చగుచున్నను, డెయిరీల ట్యాంకుల ద్వారా సాగు భాగమును స్వల్పమైనది కాదు. ఈ ట్యాంకులను ఎట్లు శుభ్రపరచుచున్నారో, అందు యంత్రముల పాత్రయెంతో, వానిని నమ్మదగినది ఎంతవరకో సామాన్య ప్రజలు తెలిసికొనుట అవసరము.

ట్యాంకు గోడలపై మిగులునది ఏమి?

పాలను ఖాళీ చేసిన పిదప గోడలకు ఒక పలుచని పొర అంటియుండును. అందు నాలుగు విధములైన పదార్థములు కలవు. పాల చక్కెర నీటిలో సులభముగా కరగిపోవును. క్రొవ్వు గోరువెచ్చని నీటిలో మెత్తబడును గాని పూర్తిగా వదలదు. దానిని వదలించుటకు క్షారము వలయును. మాంసకృత్తులును క్షారమునకే లొంగును. ఖనిజ లవణములు మాత్రము క్షారమునకు లొంగవు. అవి ఆమ్లములో కరగును. ఈ లవణములు దినదినము పేరుకొని గట్టిపడినచో దానిని పాలరాయి అందురు. బోరు నీటిలో కాఠిన్యము అధికముగా నున్న ప్రాంతములందు నీటిలోని సున్నపు లవణములును దీనితో చేరి పొరను మరింత దృఢపరచును.

ఈ పొర సూక్ష్మజీవులకు ఆహారమును, ఆశ్రయమును ఇచ్చును. వెచ్చదనము లభించినచో కొన్ని జాతుల క్రిములు 20 నిమిషములకొక పర్యాయము రెట్టింపు కాగలవు. ఆ లెక్కను ఒక్క క్రిమి నాలుగు గంటలలో 4,096 క్రిములగును. పాలను 4 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లార్చినచో ఈ వృద్ధి చాల వరకు ఆగును గాని పూర్తిగా ఆగదు. చలిని ఓర్చుకొని మెల్లగా పెరుగు క్రిములును కలవు. లిస్టీరియా అను రోగకారక క్రిమి అట్టిది. ఇదిగాక, గోడకు అంటిన క్రిములు తమ చుట్టును జిగురువంటి కవచమును కట్టుకొనును. అట్లు కవచము కట్టిన పిదప క్రిమిసంహారక ద్రావణము పైననే ప్రవహించిపోవును. లోపలి క్రిములు బ్రతికియుండును. కావున ముందు మురికిని తొలగించి, తరువాత క్రిములను చంపవలెను. ఈ వరుస తారుమారైనచో శ్రమయంతయు వృథాయగును.

గృహిణి పద్ధతి, కర్మాగారపు పద్ధతి

మన ఇండ్లలో పాలగిన్నెను కడుగు పద్ధతిని జ్ఞాపకము చేసికొనిన ఈ విషయము సులభముగా బోధపడును. గృహిణి ముందుగా గిన్నెలో నీళ్ళు పోసి పారబోయును. పిదప బూడిదతో తోమును. కట్టెల బూడిదలో క్షారము కలదు. ఇత్తడి పాత్రయైనచో చింతపండుతో రుద్దును. చింతపండులో ఆమ్లము కలదు. మరల కడిగి, మరుగు నీటితో తొలిపి, ఎండలో బోర్లించును. కర్మాగారమందును జరుగునది ఇదియే. బూడిదకు బదులు కాస్టిక్ సోడా, చింతపండునకు బదులు నత్రికామ్లము, ఎండకు బదులు వేడి నీరు వాడుదురు. ఐతే లక్ష లీటర్ల ట్యాంకును ఒడిలో పెట్టుకొని తోముట సాధ్యము కాదు గదా!

పూర్వము పనివాడు నిచ్చెన వేసికొని ట్యాంకులోనికి దిగి, కుంచెతో గోడలను రుద్దెడివాడు. ఈ పద్ధతియందు దోషములు పెక్కు. మనుష్యుని చేయి ఓర్చుకొనలేనంత వేడి నీటిని గాని, ఘాటైన ద్రావణమును గాని వాడుటకు వీలులేదు. ఒకనాడు బాగుగా రుద్దిన చేయి మరొకనాడు అలసటచే వదలివేయవచ్చును. అన్నిటికంటె మించినది ప్రాణాపాయము. మూసిన ట్యాంకులో గాలి చాలకపోవచ్చును. మందుల ఆవిరులు నిలిచియుండవచ్చును. దిగినవాడు స్పృహ తప్పగా, వానిని రక్షింపబోయి దిగిన రెండవవాడును అట్లే పడిపోవు ప్రమాదము కలదు. ఇందువలననే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 36వ సెక్షను, విషవాయువులుండగల ట్యాంకులలోనికి తగిన జాగ్రత్తలు లేకుండ ఎవ్వరును ప్రవేశింపరాదని నిర్దేశించినది.

ఉన్నచోటనే శుద్ధి

ఈ దోషములను నివారించుటకై, ట్యాంకులను గాని గొట్టములను గాని విడదీయకుండ, లోపలికి మనుష్యుడు దిగకుండ, ఉన్నచోటనే శుద్ధిచేయు విధానము వాడుకలోనికి వచ్చినది. దీనిని డెయిరీలలో క్లుప్తముగా సి.ఐ.పి. అందురు. ట్యాంకు కప్పునకు లోపల రంధ్రములు గల ఒక చిన్న ఉక్కు గోళము అమర్చబడియుండును. పంపు త్రోసిన ద్రావణము ఈ గోళపు రంధ్రములనుండి నలువైపుల చిమ్మి, గోడలమీద పలుచని తెరవలె జారుచు అడుగునకు చేరును. అచటనుండి మరియొక పంపు దానిని వెనుకకు గొనిపోవును. మొండి మురికి యున్నచోట తిరుగుచు ధారలు కొట్టు గోళములను వాడుదురు.

చల్లని పాలు నిల్వయుండు ట్యాంకునకు సామాన్యముగా జరుగు క్రమము ఇట్లుండును.

మొదట ట్యాంకులోని పాలను పూర్తిగా కారనిచ్చి, గోరువెచ్చని నీటితో సుమారు మూడు నిమిషములు కడుగుదురు. ఇచట మరుగు నీటిని వాడరాదు. వాడినచో మాంసకృత్తులు ఉడికి గోడకు అతుకుకొనిపోవును.

రెండవది క్షారపు కడుగు. నూటికి అర నుండి ఒకటిన్నర వంతు వరకు కాస్టిక్ సోడా కలిపిన ద్రావణమును సుమారు 75 డిగ్రీల వేడిలో పది నిమిషములు త్రిప్పుదురు. నూటికి ఒక వంతు అనగా 1,000 లీటర్ల ద్రావణమునకు 10 కిలోల సోడా.

మూడవది క్షారము పూర్తిగా పోవువరకు మరల నీటితో కడుగుట.

నాల్గవది నత్రికామ్లపు కడుగు. దీనికి నూటికి అర నుండి ఒక వంతు ఆమ్లము చాలును. పాలను కాచు యంత్రములలో పాలరాయి త్వరగా కట్టును గాన అచట ఆమ్లము తరచుగా వలయును. చల్లని ట్యాంకులలో ఇంత తరచుగా అక్కరలేదు. నియమిత కాలమున కొకమారు వాడినను చాలును. తరువాత మరల నీటి కడుగు.

చివరిది క్రిమి సంహారము. 90 నుండి 95 డిగ్రీల వేడి నీటిని ఐదు నిమిషములు త్రిప్పుటచే గాని, తగిన క్రిమిసంహారక ద్రావణముచే గాని ఇది నెరవేరును. శుద్ధియైన ట్యాంకును చాలసేపు వాడకుండ ఉంచినచో, పాలు నింపుటకు ముందు క్రిమి సంహారము మరల చేయవలెను.

నాలుగు సాధనములు

ఏ మురికిని వదలించుటకైనను నాలుగు సాధనములు కలవని హెర్బర్ట్ సిన్నర్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు 1959లో వివరించెను. అవి మందు, వేడి, కాలము, ఒరిపిడి. వీనిలో ఒకటి తగ్గినచో మిగిలినవానిని పెంచి లోటు పూరింపవచ్చును గాని, ఏ ఒక్కటియు బొత్తిగా లేకుండ పని జరుగదు. గొట్టములలో ఒరిపిడిని కలిగించునది ప్రవాహ వేగము. ద్రావణము సెకనుకు కనీసము ఒకటిన్నర మీటరు వేగముతో పోవలెను. నిలువు ట్యాంకులో గోడ చుట్టుకొలత ప్రతి మీటరునకు నిమిషమునకు సుమారు 30 లీటర్ల ద్రావణము జారవలెను. మూడు మీటర్ల వ్యాసము గల ట్యాంకు చుట్టుకొలత 9.4 మీటర్లు, కావున దానికి నిమిషమునకు ఇంచుమించు 280 లీటర్లు వలయును. పంపు అరిగిపోయి దీనిలో సగమే చిమ్మినచో, గోడపై తెర చీలికలై, చారలు చారలుగా మురికి నిలిచిపోవును. వెలుపల నిలుచున్నవానికి మాత్రము నీటి చప్పుడు యథాప్రకారము వినవచ్చును.

యంత్రము ఎట్లు గ్రహించును?

స్వయంచాలక విధానమున కవాటములను తెరచుట, మూయుట, పంపులను నడుపుట, కాలమును లెక్కించుట మొదలగు పనులను ముందుగా వ్రాసియుంచిన క్రమము ననుసరించి నియంత్రణ యంత్రము చేయును. దీనికి జ్ఞానేంద్రియములవంటి కొలమానములు కలవు. ఉష్ణమాపకము వేడిని, ప్రవాహమాపకము పరిమాణమును తెలుపును. క్షారముగాని, ఆమ్లముగాని కలసిన నీరు మామూలు నీటికంటె ఎక్కువగా విద్యుత్తును ప్రసరింపజేయును గాన, విద్యుద్వాహకతను కొలిచి ద్రావణము బలము తగినంత యున్నదో లేదో యంత్రము గ్రహించును. కడుగు నీటి వాహకత మామూలు నీటి స్థాయికి దిగినపుడు మందు పోయినదని తెలియును.

ఈ కొలమానములను ఎచట నుంచుట యన్నది ముఖ్యము. లోపలికి పోవు ద్రావణము 75 డిగ్రీలున్నను, చల్లని ఉక్కు గోడలను తాకి వెలికి వచ్చునప్పటికి అది 60కి దిగియుండవచ్చును. కావున వేడిని, బలమును తిరిగివచ్చు గొట్టములో కొలిచి, అవి నిర్ణీత స్థాయి నందుకొనిన పిమ్మటనే పది నిమిషముల లెక్కను ప్రారంభింపవలెను. ముందుగా లెక్కించినచో చీటీలో పది నిమిషములని నమోదగును గాని నిజముగా జరిగినది ఆరు నిమిషములే కావచ్చును.

పాలకు, కడుగు మందులకు గొట్టములు ప్రక్కప్రక్కనే యుండును. అవి కలియకుండ రెండు మూతలు గల ప్రత్యేక కవాటములను వాడుదురు. ఆ రెండు మూతల నడుమ ఒక ఖాళీ యుండి అది వెలుపలికి తెరచియుండును. ఏ మూత కారినను ద్రవము నేలపై పడి కంటికి కనబడును గాని పాలలో కలియదు. అట్లే మనుష్యుడు దిగు ద్వారము తెరచియున్నంతసేపు వేడి ద్రావణము చిమ్మకుండ కట్టుదిట్టము చేయుదురు.

యంత్రమునకు అందని చోట్లు

ద్రావణము తాకినచోటనే శుద్ధి జరుగును. కలియబెట్టు రెక్కల వెనుక, నిచ్చెన మెట్ల క్రింద, ద్వారపు రబ్బరు చుట్టు సందులో ధారకు అందని నీడలుండును. చివర మూసివేసిన గొట్టపు ముక్కలో ప్రవాహమే యుండదు. పాలు మాత్రము చేరి నిలుచును. కావున ట్యాంకును నిర్మించునపుడే మూలలు గుండ్రముగాను, అడుగు వాలుగాను, మూసిన గొట్టములు మిక్కిలి పొట్టిగాను ఉండునట్లు చూడవలెను. తుప్పు పట్టని ఉక్కును సైతము మైక్రోమీటరులో 0.8 వంతుకు మించిన గరుకుదనము లేకుండ నునుపు చేయుదురు. ఇనుప పీచుతో రుద్ది గీతలు పడవేసిన ట్యాంకును ఏ యంత్రమును సరిగా కడుగజాలదు.

ట్యాంకునకే కలుగు ముప్పు మరియొకటి కలదు. వేడి ఆవిరితో నిండిన ట్యాంకులోనికి హఠాత్తుగా చన్నీరు చిమ్మినచో ఆవిరి ఘనీభవించి లోపల శూన్యమేర్పడును. గాలి రంధ్రము మూసికొనియున్నచో వెలుపలి వాయుపీడనము ట్యాంకును నలిపివేయును. పీడనములో పదవ వంతు తేడా వచ్చినను ప్రతి చదరపు మీటరుపై ఇంచుమించు ఒక టన్ను బరువు మోపినట్లగును. కావున కడుగుటకు ముందు గాలి రంధ్రమును పరీక్షించుట విధి.

రెండు గుణపాఠములు

1994లో అమెరికాలో ఐస్‌క్రీము మూలముగా సాల్మొనెల్లా వ్యాధి వ్యాపించినది. వ్యాధిగ్రస్తుల సంఖ్య సుమారు 2,24,000 అని శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. ఐస్‌క్రీము మిశ్రమమును కాచి క్రిమిరహితము చేసిన పిదపనే ట్యాంకరులలో పంపియుండిరి. అయితే ఆ ట్యాంకరులు అంతకు పూర్వము పచ్చి గ్రుడ్ల ద్రవమును మోసినవి. గమ్యము చేరిన పిదప మిశ్రమమును మరల కాచలేదు. పాలను 72 డిగ్రీలలో 15 సెకనులు కాచినచో రోగక్రిములు నశించుననుట సత్యమే; కాని కాచిన తరువాత వచ్చి చేరు క్రిములకు ఆ వేడి తగులదు. కావున పచ్చి పాల ట్యాంకుకంటె కాచిన పాల ట్యాంకు విషయమున మరింత జాగ్రత్త వలయును.

రెండవది 2000 సంవత్సరమున జపానులో జరిగినది. మార్చి 31న హొక్కాయిడోలోని ఒక పాలపొడి కర్మాగారమున విద్యుత్తు నిలిచిపోయి పాలు వెచ్చబడినవి. అందు స్టెఫలోకాకస్ క్రిములు పెరిగి విషమును పుట్టించినవి. తరువాతి వేడికి క్రిములు చచ్చినవి గాని విషము చావలేదు. ఆ పొడిని వాడి ఒసాకాలో తయారుచేసిన పాలు త్రాగి 13,000 మందికి పైగా అస్వస్థులైరి. దర్యాప్తులో ఒసాకా కర్మాగారమున సరిగా శుభ్రపరచని కవాటమొకటి కూడ బయటపడినది. పాలను తరువాత కాచెదము గదా యని ముందటి అశుభ్రతను ఉపేక్షింపరాదని ఈ సంఘటన తెలుపుచున్నది.

పరీక్ష మనుష్యుని పని

యంత్రము తనకు చెప్పిన క్రమమును తప్పక నడపును. కాని ఆ క్రమము చాలునో చాలదో తానెరుగదు. ఆ నిర్ణయము మనుష్యునిది. క్రొత్త ట్యాంకును అమర్చినపుడు విటమిన్ బి-2 ద్రావణమును గోడలంతట చల్లి, నీటితో కడిగి, అతినీలలోహిత దీపముతో చూతురు. ధార అందనిచోట పసుపుపచ్చని మెరుపు నిలిచి కనబడును. దినచర్యలో చివరి కడుగు నీటిని పరీక్షించి క్షారముగాని ఆమ్లముగాని మిగులలేదని నిశ్చయించుకొందురు. గోడను, రబ్బరు చుట్టులను దూదిపుల్లతో తుడిచి క్రిముల సంఖ్యను పరీక్షింతురు. నియంత్రణ యంత్రము వ్రాసిన వేడి, కాలము, బలముల పట్టికను బాధ్యతగల ఉద్యోగి చదివి సంతకము చేయవలెను. చదువకుండ చేసిన సంతకము పాలను కాపాడదు. మన దేశమున 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము క్రింద 2011లో వెలువడిన నిబంధనల నాల్గవ అనుబంధములో పాల సంస్థలు పాటింపవలసిన పరిశుభ్రతా నియమములు కలవు.

సేకరణ కేంద్రములకు సూచనలు

గ్రామములందలి చిన్న శీతలీకరణ తొట్టెలను అనేకచోట్ల చేతితోనే కడుగుచున్నారు. అచటివారు ఈ క్రింది విషయములను మరువరాదు. పాలు ఖాళీయైన వెంటనే కడుగవలెను. ఆరిన పొర సులభముగా వదలదు. ఇనుప పీచును వాడక మెత్తని కుంచెను వాడవలెను. సోడాను నీటిలో కొద్దికొద్దిగా వేయవలెనే గాని సోడాపై నీరు పోయరాదు. చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు ధరింపవలెను. ద్రావణము కంట పడినచో వెంటనే శుభ్రమైన నీటితో కనీసము 15 నిమిషములు కడిగి వైద్యుని చూడవలెను. క్లోరిను మందును ఆమ్లముతో ఎన్నడును కలుపరాదు. కలిపినచో విషవాయువు పుట్టును. పెద్ద ట్యాంకులోనికి ఒంటరిగా దిగరాదు. లోపల ఎవరైన పడిపోయినచో, తగిన శ్వాస సాధనములు లేకుండ రక్షించుటకు దిగరాదు. వెంటనే సహాయమునకై పిలువవలెను.

ప్రజల కర్తవ్యము

పాలు కొనువారు ట్యాంకులోనికి తొంగిచూడలేరు. అయినను వారు చేయదగినది కొంత కలదు. ప్యాకెట్టుపై 14 అంకెల లైసెన్సు సంఖ్యను, గడువు తేదీని చూచి కొనవలెను. అంగడివాడు చల్లని పెట్టెలో ఉంచక ఎండలో పెట్టిన ప్యాకెట్లను తిరస్కరింపవలెను. ఉబ్బిన ప్యాకెట్టును, దుర్వాసనగల పాలను వాడక, ఆహార భద్రతాధికారులకు తెలుపవలెను. విడిగా కొనిన పాలను తప్పక కాచవలెను. కాని గంటల తరబడి వెచ్చగా నిలువయుంచి పిదప కాచినచో దోషమంతయు పోవునని భ్రమపడరాదు. నిన్నటి పాలగిన్నెను కడుగకుండ అందులోనే నేటి పాలు పోయరాదు. పల్లెలో బిందె మొదలుకొని ఇంటిలో గిన్నె వరకు ప్రతి పాత్రయు శుభ్రముగా ఉన్ననాడే బిడ్డకిచ్చు గ్లాసెడు పాలు ఆరోగ్యమునిచ్చును.